చీలమండ విరిగాక మళ్లీ చెరువు గట్టు మీదికి: ఒక ఫిజియోథెరపీ కేస్ స్టడీ

రోగికి 61 ఏళ్లు. విజయనగరం జిల్లాలో చీపురుపల్లికీ రాజాంకీ మధ్య ఒక పల్లె. మూడెకరాల రైతు. రెండెకరాల్లో వరి, మిగతా ఎకరంలో ఒకప్పుడు గోగు, ఈమధ్య మొక్కజొన్న. కుడి చీలమండ లోపలి వైపూ బయటి వైపూ విరిగితే ఆపరేషన్ చేసి, బయటి ఎముకకు ప్లేటు, లోపలి ఎముకకు స్క్రూలు వేశారు. ఆరు వారాలు ఆ కాలు కింద పెట్టలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషన్ అయి నాలుగు నెలలు దాటింది. సంక్రాంతి వెళ్లిన వారం. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది, కుట్లు మానిపోయాయి, పూర్తి బరువు వేసి నడవమని సర్జన్ గారు రాసిచ్చారు. అయినా ఆయన చేతికర్ర లేకుండా వీధి చివరి దాకా కూడా వెళ్లడం లేదు.

నేను ఈ ప్రాంతంలోనే ఫిజియోథెరపీ చేస్తాను. మండల కేంద్రంలో చిన్న క్లినిక్ ఉంది. రాలేని వాళ్ల కోసం ఊళ్లకు కూడా వెళ్తుంటాను. క్లినిక్ గచ్చు మీద బాగానే నడిచే మనిషి చెరువు గట్టు ఎక్కగానే ఎందుకు బిగుసుకుపోతాడో ఈ కేసులో నాకు చాలా స్పష్టంగా కనిపించింది. పల్లెల్లో పనిచేసే తోటి ఫిజియోలకూ, ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లున్న కుటుంబాలకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. పేర్లు, ఊరు రాయలేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

అసలు కోరిక ఏమిటి

మొదటి రోజు మాట్లాడిందంతా ఆయన భార్యే. నడక నెమ్మదించిందనీ, సాయంత్రమయ్యేసరికి మడమ చుట్టూ వాపు వస్తోందనీ, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ చెప్పింది. ఆయన నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. "బాబాయ్, ఈ కాలు బాగైతే మీరు ముందు ఏం చెయ్యాలనుకుంటున్నారు?" అని అడిగాను. "ఏటి సేస్తానమ్మా, ఏదో నడిస్తే సాలు" అన్నారు. వెళ్లిపోయేటప్పుడు, భార్య చెప్పులు వేసుకోవడానికి బయటికి వెళ్లాక, మెల్లిగా అడిగారు: "గొంతుక్కూకోడానికి ఈ కాలు ఒంగుద్దేటమ్మా?"

ఎందుకని అడిగితే గాలం సంగతి బయటపడింది.

చిన్నప్పటి నుంచీ ఆయనకు గాలం అంటే ప్రాణం. పొద్దున్న పొలం, మధ్యాహ్నం భోజనం చేసి ఒక కునుకు, ఎండ తగ్గాక పెంటకుప్ప పక్కన నాలుగు ఎర్రలు తవ్వుకుని, వెదురు గాలం భుజాన వేసుకుని చెరువుకు. ఊరి పెద్ద చెరువులో బొచ్చె, శీలావతి పాటదారులవి. వాటి జోలికి ఎవరూ పోరు. గట్టు వార గాలం వేసి పరిగలు, జెల్లలు, మట్టగిడసలు పట్టుకునే పెద్దవాళ్లను మాత్రం ఆ ఊళ్లో ఎవరూ ఏమీ అనరు. ఎప్పుడైనా కొర్రమీను పడితే ఆ పూట ఇంట్లో పండగే. చేప పడినా పడకపోయినా అక్కడ ఇంకో ముగ్గురు నలుగురు ఉంటారు. ఊరి కబుర్లన్నీ ఆ గట్టు మీదే తెలుస్తాయి. కాలు విరిగాక ఆయన రోజు అరుగుకీ టీవీకీ మధ్య కుదించుకుపోయింది. గాలం కర్రను భార్య అటక మీదికి ఎక్కించేసింది.

పడిపోయింది కూడా అక్కడే. సెప్టెంబర్‌లో ముసురు పట్టిన సాయంత్రం, మదుం (చెరువు నీళ్లు పొలాలకు వదిలే తూము) దగ్గర లోపలి వాలులో కాలు జారింది. పాదం ఒంటి కింద పడి మెలి తిరిగింది. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. వాన వల్ల మిగతా వాళ్లెవరూ రాలేదు, పశువులు కాసేవాళ్లు ముందే మళ్లిపోయారు. అరిచి అరిచి గొంతు పోయింది. బాగా చీకటి పడ్డాక, నీళ్లు కట్టడానికి మదుం దగ్గరికి వచ్చిన ఒక రైతు టార్చి వెలుగులో చూసి మనుషుల్ని పిలుచుకొచ్చాడు.

భార్య తిరిగొచ్చి మా మాటలు విన్నది. "ఆ సెరువే ఈ మనిషిని కూలేసింది డాక్టరమ్మా. మళ్లీ ఆ పేరెత్తితే నానూరుకోను" అంది. ఆమె కోపంలో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆ రాత్రి ఆటోలో ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆమే.

కొలతలు

చీలమండ పైకి వంగడం బాగా తగ్గింది. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించే పరీక్షలో, బొటనవేలికీ గోడకూ మధ్య ఎడమ వైపు 9 సెంటీమీటర్ల దూరం ఉన్నా మోకాలు ఆనింది. కుడి వైపు 2 సెంటీమీటర్లకే మడమ లేచిపోయింది. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవడం ఎడమతో పదిహేను సార్లకు పైగా చేశారు, కుడితో ఒక్కసారి కూడా రాలేదు. కుడి పిక్క చేత్తో పట్టుకుంటేనే సన్నబడినట్టు తెలుస్తోంది. ఒంటికాలి మీద నిలబడటం ఎడమ 16 సెకన్లు, కుడి 3. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి 14 సెకన్లు పట్టింది. ఈ పరీక్షలో 12 సెకన్లు, ఆపైన పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. నొప్పి మాత్రం పెద్దగా లేదు. పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ చూశాను, తేడా లేదు. కంటి డాక్టరు చూసి, శుక్లం మొదలవుతోంది గానీ ఇప్పుడే ఆపరేషన్ అవసరం లేదన్నారు.

ఇవి కాలి సంగతులు. భయాన్ని కొలవడానికి కూడా మా వృత్తిలో స్కేళ్లున్నాయి. బాగా వాడుకలో ఉన్నది 1995లో కెనడాలో తయారైన ఏబీసీ స్కేల్. పదహారు పనులు చెప్పి, ఒక్కోటీ తూలిపోకుండా చెయ్యగలనన్న నమ్మకం నూటికి ఎంతో అడుగుతారు. మంచి స్కేలే. కానీ అందులో ఎస్కలేటర్ ఎక్కడం గురించి ఉంది, మంచు పేరుకున్న ఫుట్‌పాత్ మీద నడవడం గురించి ఉంది. మడి గట్టు లేదు, రేవు లేదు, గొంతుక్కూర్చోవడం లేదు. మా రైతును ఎస్కలేటర్ గురించి అడిగి ఏం తెలుసుకుంటాం? అందుకే నేను పని జాబితా మార్చేస్తాను, కొలత కూడా మార్చేస్తాను. నూటికి ఎంత అంటే పెద్దవాళ్లు తటపటాయిస్తారు. రూపాయికి ఎంత అంటే వెంటనే చెప్తారు.

ఆయన చెప్పిన లెక్క ఇది. ఇంట్లో నడవడం రూపాయి. వీధిలో నడవడం ముప్పావలా. మడి గట్టు మీద అర్ధ రూపాయి. చెరువు గట్టు ఎక్కడం పావలా. నీటి అంచున గొంతుక్కూర్చోవడం, "పావలా కూడా నేదమ్మా." చేప పడ్డప్పుడు చటుక్కున లేచి లాగడం గురించి అడిగితే తల అడ్డంగా ఊపారు.

అవే ప్రశ్నలు, ఆయన గురించే, ఆయన భార్యనూ విడిగా అడిగాను. ప్రతిదానికీ ఆమె చెప్పిన లెక్క ఆయన లెక్క కంటే తక్కువే ఉంది. వీధి నడకకే అర్ధ రూపాయి ఇచ్చింది. చెరువు మాట వచ్చేసరికి సమాధానమే ఇవ్వలేదు. ఇంటి మనుషుల్ని ఇలా అడగడం నేను ప్రతి కేసులోనూ చేస్తాను. మన పల్లెల్లో పెద్దాయన గుమ్మం దాటాలా వద్దా అన్నది ఆయన ఒక్కరి నమ్మకంతో తేలే విషయం కాదు. భార్య, కోడలు, హైదరాబాద్‌లోనో విశాఖలోనో పనిచేస్తూ ఫోన్లో "నాన్నా, బయటికి వెళ్లకు" అనే కొడుకు, వీళ్లందరి భయమూ కలిసి ఆయన కాలికి కట్టు కట్టేస్తాయి.

గట్టు మీద కనిపించింది

కొన్ని వారాలు కాలి వ్యాయామాలు నడిచాక, ఫిబ్రవరి చివర్లో ఆయన్ని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లాను. నీరు లోపలికి పోయి గట్టు వార అంతా ఎండిపోయి ఉంది. జారే ప్రశ్నే లేదు. నేను పక్కనే ఉన్నాను, నడుముకు బెల్టు కట్టి పట్టుకున్నాను. గట్టు పైన బాగానే నడిచారు, చూపు తన పాదాల మీదే ఉంచి. "బాబాయ్, ఒకసారి నీళ్లకేసి చూడండి" అన్నాను. తల ఎత్తారు. రెండు క్షణాల్లో ఒళ్లంతా ముందుకీ వెనక్కీ ఊగింది, నా భుజం గట్టిగా పట్టుకున్నారు. "సూసేవా, నీళ్లకేసి సూస్తే ఒళ్లు తూలిపోతంది" అన్నారు.

ఇంట్లో వాళ్లు దీన్ని కళ్లు తిరగడం అనుకున్నారు. బీపీ మాత్రలు మార్పించాలని కూడా అనుకున్నారు. కానీ ఇది కళ్లు తిరగడం కాదు. గిర్రున తిరుగుతున్నట్టు లేదు, వాంతి లేదు, మంచం మీద పక్కకు తిరిగినా ఏమీ రాదు. అలాంటివి ఉంటే ముందు డాక్టరుకు చూపించాల్సిందే.

మనిషి నిటారుగా నిలబడటానికి మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందుతుంది. కళ్లు, లోపలి చెవి, ఇంకా పాదం, చీలమండ, మోకాలి కీళ్లలోని నరాలు. నేల ఎటు వాలిందో, బరువు ఏ వేలి మీద పడుతోందో చెప్పేది ఈ మూడోదే. చీలమండ విరిగినప్పుడు చుట్టూ ఉన్న లిగమెంట్లూ దెబ్బతింటాయి. ఆరు వారాలు ఆ కాలు కింద పెట్టకుండా ఉండేసరికి అక్కడి నుంచి వచ్చే కబురు మందగిస్తుంది. ఆ లోటును మెదడు కళ్లతో పూడ్చుకుంటుంది. ఇంట్లో గోడలు, స్తంభాలు, గుమ్మాలు కదలవు కాబట్టి కళ్లు చాలు. అందుకే ఇంట్లో రూపాయికి రూపాయి.

ఇప్పుడు గాలం వేసే మనిషి కళ్లు ఎక్కడుంటాయి? బెండు మీద. ఆ బెండు నీటి మీద ఊగుతూ ఉంటుంది, దాని చుట్టూ అలలు పోతూ ఉంటాయి. కళ్లకు ఆనడానికి కదలని వస్తువంటూ ఒక్కటీ దొరకదు. కాలి కింద వాలు, చీలమండ కబురు చెప్పదు, కళ్లు చెప్పే కబురు తప్పు. ఆ స్థితిలో ఒళ్లు తూలకపోతేనే ఆశ్చర్యం. ఆయన భయం వట్టి మనసులో పుట్టింది కాదు. ఆ కాలికి ఆ చోటు నిజంగానే కష్టం, ఆ సంగతి ఆయన ఒంటికి తెలుసు. "భయపడకండి, ధైర్యంగా ఉండండి" అని నేను వందసార్లు చెప్పినా ఆ తూలు తగ్గదు.

ఈ విషయం ఆయనకీ ఆయన భార్యకీ అరుగు మీద కూర్చోబెట్టి ఇలాగే చెప్పాను. తనకేదో తలలో జబ్బు వచ్చిందేమోనని ఆయన లోలోపల టెన్షన్ పడుతున్నారని అప్పుడు తెలిసింది.

చేసిన పని

చీలమండ వంగడానికి క్లినిక్‌లో నేను చేత్తో చేసేది కొంత ఉంది. కుడి పాదం పీట మీద పెట్టించి, కాలి ముందు ఎముకను బెల్టుతో ముందుకు లాగుతూ మోకాలు వంచించడం. ఇంట్లో గోడ దగ్గర మోకాలు వంచడం, పిక్క సాగదీయడం రోజూ. బలానికి అరుగు మెట్టు అంచున నిలబడి రెండు కాళ్లతో మునివేళ్ల మీద లేచి, కుడి కాలి ఒక్కదాని మీదే నెమ్మదిగా దిగడం, పదేసి చొప్పున మూడు సార్లు, రోజు విడిచి రోజు. ఇవి ఏ ఫిజియో అయినా ఇచ్చేవే కాబట్టి ఎక్కువ రాయను. గొంతుక్కూర్చోవడానికి మాత్రం రెండు మడమల కింద చెక్కముక్క పెట్టి మొదలుపెట్టాం, స్తంభం పట్టుకుని. చీలమండ వంగేకొద్దీ చెక్క పలచన చేస్తూ వచ్చాం. చీలమండ వంగనప్పుడు బలవంతంగా కూర్చోబెడితే బరువంతా వెనక్కి పోయి వెల్లకిలా పడిపోతారు. చెక్క పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

తూలు కోసం చేసిందే ఈ కేసులో అసలు పని. సిటీ క్లినిక్‌లలో దీనికి ఫోమ్ ప్యాడ్‌లు ఉంటాయి. మేం గోనెసంచిలో ఊక నింపి, మూతి కుట్టి, పెరట్లో నీళ్ల గాబు పక్కన పరిచాం. మొదట దాని మీద కళ్లు తెరిచి నిలబడటం. తర్వాత తల అటూ ఇటూ తిప్పుతూ. అది అలవాటయ్యాక ఆయన గాలాన్ని అటక మీంచి దింపించాను. ముల్లు తీసేసి, దారం, బెండు మాత్రం ఉంచాం. ఆయన ఊక సంచి మీద నిలబడి గాబులో బెండు వేస్తారు. మనవడు ఏడేళ్లవాడు, గాబులో చెయ్యి పెట్టి నీళ్లు కదుపుతాడు. బెండు ఊగుతుంది. ఆయన చూపు బెండు మీదే ఉంచాలి, పాదాలు చూసుకోకూడదు. మొదటి రోజుల్లో గాబు అంచు పట్టుకోకుండా ఉండలేకపోయారు. వెనక నేనో భార్యో కుర్చీ వేసి ఉంచేవాళ్లం. నెల తిరిగేసరికి పిల్లవాడు రెండు చేతులా నీళ్లు చిమ్ముతున్నా ఆయన కదలకుండా నిలబడి, వాడు దారం పట్టి లాగితే గాలం ఎత్తుతున్నారు. ఎత్తేటప్పుడు బరువు వెనక కాలి మీదికి పోతుంది కాబట్టి, పాదాలు ఒకటి ముందు ఒకటి వెనక ఉంచి నిలబడటం నేర్పాను. ఈ ఆట కోసం మనవడు బడి నుంచి పరుగెత్తుకొచ్చేవాడు. మా చికిత్సలో రోజూ తప్పకుండా జరిగిన భాగం ఇదే.

ఇంకొక ముఖ్యమైన పని నేల మీంచి లేవడం. గాబు దగ్గర పని చేస్తున్న రోజుల్లోనే ఆయన ఒక మాట అన్నారు: "పడిపోతానని కాదమ్మా నా బయ్యం. పడిపోతే ఎవుడూ రాడని." ఆ సెప్టెంబర్ రాత్రి ఆయన్ని వదల్లేదు. పడిపోకుండా చూసుకుందాం అని ఎంత చెప్పినా ఆ భయానికి జవాబు కాదు. పడ్డాక ఏం చెయ్యాలో ఒంటికి తెలియాలి. పెరట్లో గడ్డి పరిచి అది విడిగా సాధన చేశాం. పడగానే లేవకూడదు, ముందు ఊపిరి పీల్చుకుని ఎక్కడ నొప్పి ఉందో చూసుకోవాలి. పక్కకి తిరగాలి. మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. బాగున్న ఎడమ కాలి పాదం ముందుకు తెచ్చి, కర్ర నిలువుగా పట్టుకుని లేవాలి. వాలు మీద అయితే తల గట్టు వైపు ఉండేలా తిరిగి, పైకి పాకి, చదునైన చోట లేవాలి. లేవలేకపోతే ఫోను, దానితో పాటు మెడలో ఒక ఈల. ఈల ఆయనకు బాగా నచ్చింది. గొంతు పోయినా ఈల పోదు.

ఇంట్లో ఒప్పందం

ఆయన భార్యను ఒప్పించాలని నేను ప్రయత్నించలేదు. గాబు దగ్గర సాధనకు ఆమెనే కాపలా ఉంచాను. ఆయన తూలడం ఆమె చూసింది, తూలు తగ్గడమూ ఆమే చూసింది. మార్చిలో ఒక సాయంత్రం గట్టు మీదికి ఆమెనూ రమ్మన్నాను. ఆయన పడిపోయాక ఆమె అటు వెళ్లడం అదే మొదటిసారి. మదుం దగ్గర కాసేపు నిలబడి, "ఇక్కడికి మాత్రం ఒంటరిగా రాకూడదు" అంది. రావచ్చు అన్న అర్థం అందులోనే ఉంది, దాన్నే పట్టుకున్నాం.

షరతులు ఆమే పెట్టింది. ఒంటరిగా వెళ్లకూడదు. ఫోను నడుముకు సంచిలో ఉండాలి. పొద్దు గుంకక ముందే ఇంటికి రావాలి. వాన పడిన రోజూ మర్నాడూ చెరువు మాట ఎత్తకూడదు. నేను ఒకటి కలిపాను: హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న ప్లాస్టిక్ శాండల్స్ వేసుకోవాలి. బురదలో హవాయి చెప్పు పాదం కింద నుంచి పక్కకు జారుతుంది, చీలమండ మెలిపడటానికి అది చాలు.

చేతికర్ర విషయంలో ఆయన మొండికేశారు. వంకీ ఉన్న ఆస్పత్రి కర్రతో నలుగురిలోకి రానన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. పశువుల కాపరులు పట్టుకునే పొడవాటి వెదురు కర్ర తీసుకోమన్నాను. భుజం ఎత్తున్న కర్ర దిగువ వాలుకి ఆనించడానికి కురచ కర్ర కంటే నయం, పైగా ఊళ్లో సగం మంది చేతుల్లో ఉండేదే. నీటి అంచున గొంతుక్కూర్చోవడానికి బదులు పెయింటు డబ్బా బోర్లించి కూర్చోమన్నాను. "ముసిలోళ్ల పని" అని ముఖం చిట్లించారు. తీరా గట్టు మీదికి వెళ్తే, ఆయన కంటే పెద్ద వయసు జతగాడు, మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ డబ్బా మీదే దర్జాగా కూర్చుని గాలం వేస్తున్నాడు. ఆ తర్వాత నేను ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

1977లో మానసిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా మనిషికి తన మీద తనకు నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని రాశారు. తాను స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటి వాడు నెగ్గగా చూడటం, ఇతరుల మాట, తన ఒంట్లో కలిగే దడ, వణుకు లాంటి సూచనలను అర్థం చేసుకునే తీరు. అన్నిట్లోకీ బలమైనది మొదటిది. మేం సాధారణంగా ఎక్కువగా వాడేది మూడోది, మాట. ఈ కేసులో గాబు మొదటి దారి, డబ్బా మీద కూర్చున్న జతగాడు రెండో దారి, తూలు ఎందుకొస్తుందో విడమర్చి చెప్పడం నాలుగో దారి.

చెరువుకు

ఋతువు మాకు కలిసొచ్చింది. ఎండాకాలం గట్టు గట్టిగా, పొడిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మొదట గట్టు మీద నడక, తర్వాత వాలు దిగి ఎక్కడం, తర్వాత ఊరి పక్కనున్న చిన్న బందలో, అంటే కుంటలో, గాలం. బంద లోతు తక్కువ, అంచు చదును, పశువులు దిగే చోటు కాబట్టి మనుషుల అలికిడి ఎప్పుడూ ఉంటుంది. అక్కడ మొదట పడింది వేలెడు పరిగ. దాన్ని ముల్లు నుంచి తీయడానికి డబ్బా మీంచి వంగినప్పుడు కుడి మడమ నేలను అంటిపెట్టుకునే ఉందని నేను గమనించాను. ఆయన గమనించలేదు, చేప మీదే ధ్యాస. నాకు అంతకన్నా మంచి గుర్తు అక్కర్లేదు. పాదాన్ని మర్చిపోగలిగారు.

జూన్‌లో తొలకరి పడింది. గట్టు బయటి వైపు తడి గడ్డి మీద ఆయన జారి కూలబడ్డారు. దెబ్బ ఏమీ లేదు. ఇంటికి వచ్చేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా గాలం మూలన పెట్టేశారు. మర్నాడూ వెళ్లలేదు, ఆ తర్వాతా వెళ్లలేదు. జతగాడు చెబితే భార్యకు తెలిసింది. ఆమె నాకు ఫోన్ చేసింది. వెళ్లి చీలమండ పరీక్షించాను, ఎక్స్‌రే అవసరం కనిపించలేదు. అప్పుడు ఆయన్ని ఒక్కటే అడిగాను: "ఎలా లేచారు?" ఎలా పడ్డారని అందరూ అడిగారు, ఎలా లేచారని ఎవరూ అడగలేదు. మొదట "లేచేను" అని ఊరుకున్నారు. వివరంగా చెప్పమంటే చెప్పుకొచ్చారు: పక్కకి తిరిగేను, మోకాళ్ల మీదికొచ్చేను, పైకి పాకేను, కర్ర పాతి లేచేను. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయారు. అచ్చం పెరట్లో నేర్చుకున్న వరసే. ఎవరూ రాలేదు, ఎవరూ లేపలేదు. భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. "నన్ను కేకెయ్యలేదేటి?" అంది. "అవసరం పడలేదు" అన్నారాయన.

ఆ వారంలో మళ్లీ రూపాయి లెక్క అడిగాను. చెరువు గట్టు ముప్పావలాకి వెళ్లింది. పడిన తర్వాత అంకె పెరగడం పైకి వింతగా ఉంటుంది గానీ, ఆయన అసలు భయం దేని గురించో తెలిసినవాళ్లకు వింత కాదు. భార్య లెక్క కూడా మొదటిసారి అర్ధ రూపాయి దాటింది.

వానలకు చెరువు నిండాక తడి మట్టి మీద మరోసారి మొదట్నుంచీ సాధన చేశాం. ఆగస్టులో పెద్ద చెరువు లోపలి వాలులో, మదుంకి దూరంగా, రాళ్లు పేర్చిన చోట కూర్చోవడం మొదలైంది. పైడితల్లమ్మ పండగ నాటికి, అక్టోబర్‌లో, ఇంకో చిక్కు వచ్చింది. మా వైపు గోగు సాగు బాగా తగ్గినా, ఆ ఊళ్లో ఇంకా కొందరు వేస్తున్నారు. కోసిన గోగు కట్టల్ని నార కోసం చెరువు వార ఊరవేస్తారు. నీళ్లు నల్లబడి కంపు కొట్టడం ఒకటైతే, ఊరిన బెరడు పొరలు అంచు రాళ్లకు అంటుకుని నూనె రాసినట్టు జారుతాయి. ఆ నెలన్నర బందకే వెళ్లమన్నాను. ఆయనకు ఇది చెప్పాల్సిన పని లేకపోయింది. నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఏడాది తిరిగేసరికి

గోడ పరీక్షలో కుడి వైపు 2 సెంటీమీటర్లు కాస్తా 7 అయింది. ఎడమతో సమానం కాలేదు, అవుతుందని నేను అనుకోవడం లేదు. కుడి ఒంటికాలితో మునివేళ్ల మీద 11 సార్లు లేస్తున్నారు. ఒంటికాలి నిలకడ 13 సెకన్లు. కుర్చీ నుంచి లేచి నడిచి వచ్చే పరీక్షకు 9 సెకన్లు. నీటి అంచున డబ్బా మీద కూర్చోవడానికి రూపాయి ఇచ్చుకున్నారు, గొంతుక్కూర్చోవడానికి అర్ధ రూపాయి. ఎక్కువసేపు గొంతుక్కూర్చుంటే ప్లేటు ఉన్న చోట ఒత్తుతోందంటున్నారు. అది మరీ ఇబ్బంది పెడితే తీయించడం గురించి ఆలోచించవచ్చని సర్జన్ గారు చెప్పారు. ఆయన ప్రస్తుతానికి వద్దన్నారు. సాయంత్రం వాపు పొలం పని ఎక్కువైన రోజుల్లోనే వస్తోంది. నిద్ర కుదుటపడింది.

మదుం దగ్గరికి ఇంకా ఒంటరిగా వెళ్లడం లేదు. అది ఆయన భార్య షరతు, నా సలహా కూడా అదే. ఆమె ఆ ఒక్కచోటుకు ఇప్పటికీ పావలా మించి ఇవ్వడం లేదు. ముసురు రోజుల్లో బొమ్మిడాయల కోసం రాత్రిపూట లైటు పట్టుకుని వెళ్తానని ఈమధ్య అడిగారు. చీకట్లో కళ్ల సాయం ఉండదు, భారమంతా చీలమండ మీదే పడుతుంది, కాబట్టి కళ్లు మూసుకుని ఊక సంచి మీద ముప్పై సెకన్లు నిలబడగలిగాక మాట్లాడుకుందాం అన్నాను. ప్రస్తుతం పన్నెండు సెకన్ల దగ్గర ఉన్నారు. మనవడు ఫోన్లో టైము చూసి రోజూ గోడ మీద బొగ్గుతో రాస్తున్నాడు.